మైల తీరని బండి

ఏప్రిల్ 23, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి బండి కింద ఇసుకలో నల్లటి చుక్క ఉంది. పొద్దున్న వాకిలి ఊడ్చినప్పుడు లేదు. వంగి వేలితో ముట్టుకున్నాను. నూనె. ఇసుకలో నల్లగా కనిపించింది గాని వేలి మీద తేనె రంగులో ఉంది.

కిందటి ఆగస్టు నుంచి ఆ కారు కదల్లేదు. మా ఆయన మోతుసిని పూడ్చి వచ్చిన సాయంత్రమే సెబేగో మామ తాళంచెవి తీసుకుని చేతిరుమాలు కొసకు ముడేసుకున్నాడు. మోతుసికి మేనమామ కాబట్టి ఆ ఇంట్లో ఆయన మాటే చివరిది. "మైల తీరేదాకా పోయినవాడి వస్తువులు ఎవరూ తాకకూడదు. బట్టలూ అంతే, బండీ అంతే. ఏడాదికి అందరం కూర్చుని ఎవరికేది చెందాలో చెబుతాను" అన్నాడు.

అప్పుడే నా మరిది కెనోసి లేచాడు. "ఏడాది నిలబెడితే ఇంజను చస్తుంది మామా. ఇప్పుడే నాకిచ్చెయ్. వదినకు నడపడం వచ్చు, కాదనను. పాలు పిండడం వచ్చినంత మాత్రాన ఆవును మేపడం వచ్చినట్టా?"

మామ అతనికివ్వలేదు. నాకిస్తాననీ అనలేదు. "బతికించుకోగలిగినవాళ్ళకే" అన్నాడు.

మేకలను ఎక్కించుకోవడానికి మోతుసి ఆ కారు వెనక సీటు పీకేశాడు. ఆ సీటు వరండాలో గోడకు ఆనించి ఉంది. ఇప్పుడు దాని మీదే కూర్చుని రాస్తున్నాను. ఎనిమిది నెలలుగా నిలబడ్డ బండి ఇవాళ కొత్తగా ఎందుకు కారింది?

ఏప్రిల్ 24

చుక్క ఇంకా ఉంది. పక్కన మరొకటి లేదు. నాకెందుకు? బండి నాది కాదు. ఇంకా కాదు.

ఏప్రిల్ 30, ఆదివారం

ఇవాళ చర్చికి వెళ్ళేముందు బండి కింద కూడా ఊడ్చి వెళ్ళాను.

తిరిగి వచ్చి చూస్తే గీతలు మారి ఉన్నాయి. నేను కుడిచేత్తో ఊడుస్తాను, చీపురు గీతలు ఎడమకు ఒరుగుతాయి. బండి కింద గీతలు కుడికి ఒరిగాయి. చీపురుతో కాదు, కొమ్మతో చెరిపారు. చెరిపిన చోట ఇసుక మెత్తగా ఉంది, తవ్వి మళ్ళీ పూడ్చినట్టు. అంచున రెండు గుంటలు చెరపడం మరిచిపోయారు. మనిషి వెల్లకిలా పడుకుని మడమలు తన్నిపెడితే పడే గుంటలు. కుడి గుంట బయటివైపు లోతుగా ఉంది.

తప్పిపోయిన ఆవును అడుగులు పట్టి వెతికే ఊరు మాది. మనిషి అడుగు చదవడం ఎంతసేపు. ఎడమచేతి వాటం, కుడి మడమ బయటికి అరిగిన బూటు.

ఎడమచేతి వాటం వాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. పక్కింటి పులానెదీ ఎడమచెయ్యే.

మే 3

తెరిచాను.

వెనక తలుపుకు తాళం పడదని నాకు తెలుసు. అందులోంచి దూరి ముందుకు చెయ్యి చాచి బానెట్ మీట లాగాను. మైలలో ఉన్నదాన్ని, తాకకూడదు. తాకాను. చూడ్డానికే.

ఇన్నేళ్ళూ మోతుసి ఆయిల్ మార్చినప్పుడల్లా గరాటా పట్టుకున్నది నేనే. మొహం అటు తిప్పుకుని, "కానివ్వు, సంకటి అడుగంటుతోంది" అంటూ నిలబడేదాన్ని. లోపల ఏముందో ఒక్కసారీ చూడలేదు. ఇవాళ చూశాను. పైపులు, తీగలు, మధ్యలో పెద్ద ఇనుప ముద్ద. బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ.

బ్యాటరీ లేదు!

మోతుసి గుడ్డతో తుడిచి చూసే పుల్ల ఉండాలి. పసుపు రింగు పట్టుకుని లాగితే వచ్చింది. నూనె తేనెలా ఉంది. అది నల్లగా ఉండాలి. మోతుసి మంచం పట్టాక ఆయిల్ మార్చినవాళ్ళు లేరు. ఆయన్ని ఎక్కించుకుని ఆస్పత్రికి నేనెన్నిసార్లు తిప్పానో ఆ బండికే తెలియాలి.

బ్యాటరీ ఎత్తుకుపోయినవాడు ఆయిల్ పోసి పోతాడా?

మే 5

పులానె ఆకుకూర తెచ్చింది. చర్చికి కలిసే వెళతాం. సంగతి చెప్పాను, బ్యాటరీ లేదనీ చెప్పాను. అది నాకెలా తెలిసిందో మాత్రం చెప్పలేదు.

"కెనోసే" అంది వెంటనే.

"ఎలా చెప్తావు?"

"ఆ బండి మీద కన్నున్నవాడు ఇంకెవడే? ఇవాళ బ్యాటరీ. రేపు చక్రాలు. మైల తీరే రోజుకు నీకు మిగిలేది ఆ వరండాలో సీటే. మహారాణిలా కూర్చో దాని మీద."

"నీదీ ఎడమచెయ్యే కదా" అన్నాను.

"అయితే నేనే పట్టుకుపోయాను. బ్యాటరీ పెట్టి పులుసు వండుకున్నాను" అని లేచి పోయింది. గిన్నె మాత్రం వదిలి వెళ్ళింది. అంటే కోపం లేనట్టే.

మే 9

కెనోసి గాడిద బండి మీద నీళ్ళ డ్రమ్ములు తెచ్చాడు. శనివారం తేవాల్సినవి. మంగళవారం తెచ్చాడు. అడిగితే గాడిదకు కాలు నొప్పి అన్నాడు. గాడిద బాగానే నడుస్తోంది.

కారుంటే నేనే తెచ్చుకునేదాన్ని. రెండు చినుకులు పడ్డాక గింజలు కావాలన్నా, మేకను సెరోవే సంతకు తోలాలన్నా ఇతని గుమ్మం ముందు నిలబడి "కెనోసీ, ఖాళీగా ఉన్నావా?" అనాలి. ఎప్పుడూ కాదనడు. "చూద్దాం వదినా" అంటాడు. ఆ చూద్దాం తెమలడానికి వారం పడుతుంది.

"మా దొడ్డి గుంజలన్నీ చెద తినేస్తోంది. అన్న ఉన్నప్పుడు పాత ఆయిల్ ఇచ్చేవాడు, పూసుకునేవాణ్ణి" అన్నాడు.

"ఉన్నప్పుడు ఇచ్చాడు."

"బండి వైపు చూస్తున్నావేం?"

"చూడకూడదా? తాకకూడదన్నాడు మామ. చూడ్డానికేం."

"చచ్చిన బండి వదినా. వదిలెయ్."

డ్రమ్ము దించేటప్పుడు అతని గోళ్ళు చూశాను. గోళ్ళ కింద నలుపు. ఎడమచెయ్యి ఎక్కువ.

మే 10

మామ ముందు చెప్తాను. అందరి ముందూ చెప్తాను.

మే 14, ఆదివారం

పులానెతో మలుపు దాకా వెళ్ళి, కడుపులో నొప్పని చెప్పి వెనక్కి తిరిగాను. పెరటి వైపు నుంచి వచ్చి చప్పుడు చెయ్యకుండా వరండాలో సీటు మీద కూర్చున్నాను.

బండి కింద నుంచి రెండు కాళ్ళు బయటికి ఉన్నాయి. కుడి బూటు మడమ బయటివైపు అరిగి ఉంది. పక్కన పార. బండిని ఎత్తడానికి జాకీ లేక, అడుగున ఇసుక తోడేసి గుంట చేసుకున్నాడు. ఆ ఆలోచన నాకు తట్టేది కాదు.

"ఆ కాళ్ళు ఎవరివి?" అన్నాను.

కాళ్ళు కదలడం మానేశాయి.

"నిన్నే."

"నావే వదినా."

"నువ్వంటే?"

"కెనోసిని."

"తక్కిన కెనోసి ఏడీ?"

"ఇక్కడే ఉన్నాను. కడుపునొప్పా?"

మలుపు దగ్గర నేనన్న మాటే! చర్చి మానడానికి ఊళ్ళో అందరూ చెప్పే సాకు అదేగా.

"బ్యాటరీ ఏది?"

"ఛార్జింగులో ఉంది. కొట్టు వెనక సోలారు పలక ఉంది కదా, అక్కడ."

"అమ్మేశావనుకున్నాను."

మడమలు రెండూ ఇసుకను తన్నాయి. "అన్న బండి బ్యాటరీ అమ్ముకుంటానా?"

"చచ్చిన బండి అన్నావు."

"అన్నాను."

"చచ్చినదానికి కొత్త ఆయిల్ ఎందుకు పోశావు?"

స్పానర్ ఇసుకలో పడింది. "చచ్చిందంటే నువ్వు ఆశ వదులుకుంటావని. చచ్చినదాన్ని ఎవరికిస్తే ఏంలే అని మామ నాకు పారేస్తాడని."

"అప్పుడు నువ్వు లేపుతావు."

"అప్పుడు లేపుతాను."

ఇంత నిజాయితీగా చెప్పిన కుట్రను నేను వినలేదు. కాళ్ళకు ముఖం లేదు కాబట్టి చెప్పగలిగాడేమో.

"మామతో చెప్తావా?" అన్నాడు.

"మైలలో ఉన్నదాన్ని తాకావు. మేక జరిమానా పడుతుంది నీకు."

"నీకూ పడుతుంది. పుల్ల తీసి చూసి సగమే దించావు. అన్న ఎప్పుడూ అలా వదలడు."



ఎండ సీటు అంచు దాకా వచ్చింది. "నాకు నేర్పు" అన్నాను.

"ఏమిటి?"

"నువ్వు చేసేది."

"నేర్చుకుంటే మామ బండి నీకే ఇస్తాడు."

"అవును."

"మరి నేనెందుకు నేర్పాలి?"

"నేర్పకపోతే చర్చి వదిలాక పులానెను ఇక్కడికి పిలుస్తాను కాబట్టి."

కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకున్నాయి. కాసేపు ఆలోచించాయి. "పద్నాలుగో నంబరు స్పానర్ అందుకో. ఎర్ర గుడ్డలో ఉంది. బోల్టు కారుతోంది" అన్నాయి.

మే 15

మామతో చెప్పాలా? నేర్చుకున్నాక చెప్తాను.

మే 21, ఆదివారం

పులానె, "మళ్ళీ కడుపునొప్పా? ఎవరితోనే?" అంది. నవ్వుతూనే అంది. నేను వెనక్కి చూడకుండా తిరిగి వచ్చేశాను.

అడుగున తొట్టి లాంటిది ఉంది. నూనె అంతా వచ్చి అందులో నిలుస్తుంది, అక్కడి నుంచి పైకి ఎక్కి మళ్ళీ కిందికి దిగుతుంది. నూనె దించే బోల్టు ఆ తొట్టి కొసన ఉంది. నేను కింద పడుకుని చూస్తున్నాను కాబట్టి అన్నీ తలకిందులు. ఇటు తిప్పితే వదులా అటు తిప్పితేనా అని అడిగితే, "నువ్వు ఎక్కడున్నావో మరిచిపో. బోల్టు ముఖం నీ వైపు ఉంది కదా, సీసా మూత అనుకో" అన్నాడు. అనుకుంటే వచ్చింది.

మే 28, ఆదివారం

ఆయిల్ నల్లబడడం చెడు కాదట. మసిని తనలో పట్టుకుంటేనే నల్లబడుతుందట. ఎన్నాళ్ళయినా తేటగా ఉన్న ఆయిలే పని చెయ్యనిదట. పాల రంగుకు తిరిగితే నీళ్ళు చేరినట్టు. వేళ్ళ మధ్య రాస్తే మెరుపు రజను కనబడితే లోపల ఇనుము అరిగిపోతున్నట్టు. కెనోసి తీసిన పాత ఆయిల్ డబ్బాలో పెట్టి దాచాడు. తెచ్చి చూపించాడు. తారు నలుపు. రాసి ఎండలో పెట్టి చూశాను. మెరుపు లేదు.

ఆస్పత్రికి తిప్పిన దారంతా ఆ డబ్బాలో ఉంది.

"ఇది తీసుకుపోయి గుంజలకు పూసుకోవచ్చుగా?" అన్నాను.

"బండి ఎవరిదో తేలలేదు. దాని ఆయిల్ నాదెలా అవుతుంది?" అన్నాడు.

బ్యాటరీకి పట్టని నియమం పాత నూనెకు పట్టింది! ఈ మనిషి నాకు అర్థం కాడు.

జూన్ 11

జొన్న కోత. నడుము పోయింది. రాయడానికేం లేదు.

జూన్ 25, ఆదివారం

నూనెను వడగట్టే ఫిల్టర్ మార్చలేదని ఇవాళ చెప్పాడు. మా ఊరి కొట్టులో ఆ సైజు లేదట. ఫ్రాన్సిస్‌టౌన్‌లో పని చేస్తున్న నా కూతురు మసేగోకు ఫోన్ చేశాను. "అమ్మా, నీకెందుకే ఫిల్టర్?" అంది. మీ బాబాయికి అన్నాను. "బాబాయికి ఫిల్టర్ నువ్వు కొంటావా?" అంది. నీళ్ళు మోస్తున్నాడుగా అన్నాను. అబద్ధం కాదు.

జూలై 16, ఆదివారం

ఫిల్టర్ బస్సులో వచ్చింది. ఇవాళ వేశాం.

పాతది మోతుసి చేత్తో బిగించినది. ఇంజను పక్కన, కింద నుంచి చెయ్యి పెడితే అందుతుంది. నేను పట్టి తిప్పాను, రాలేదు. కెనోసి తిప్పాడు, రాలేదు. గుడ్డ చుట్టి ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం తిప్పాం. చివరికి కెనోసి స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో ఈ పక్క నుంచి ఆ పక్కకు దిగ్గొట్టి, దాన్నే పిడిలా పట్టుకుని తిప్పాడు. అప్పుడు వచ్చింది.

"అన్న బిగిస్తే ఇంతే" అన్నాడు.

ఆ తర్వాత వాదన. కెనోసి పోసిన ఆయిలంతా దింపి నేనే మళ్ళీ పోస్తానన్నాను. "కొత్త ఆయిల్‌ని దింపి మళ్ళీ అదే పోస్తావా? నీకేమైనా పిచ్చా?" అన్నాడు. నా చేత్తో ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చెయ్యాలన్నాను. కడిగిన గిన్నెలోకి దింపాను. జూలై చలికాలం కదా, చిక్కబడి తాడులా సాగుతూ దిగింది. పల్చటి గుడ్డలో వడగట్టాను. కొత్త ఫిల్టర్ రింగుకు నూనె రాసి చేత్తో బిగించాను. కెనోసి గరాటా పట్టుకున్నాడు, నేను పోశాను. అతను మొహం అటు తిప్పుకుని, "కానివ్వు, ఎవరైనా వస్తారు" అంటున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఎందుకో చెప్పలేదు.

ఒక వింత. కొత్త ఫిల్టర్ మూతికి నల్ల రబ్బరు రింగు ఉంది. తీసిన పాతదానికి లేదు. పాతవి రింగు లేకుండా వచ్చేవేమో.

"తాళంచెవి ఉంటే నిమిషం సేపు తిప్పి కారుతుందేమో చూసేవాళ్ళం" అన్నాడు కెనోసి, గుంట పూడుస్తూ.

"కారదు. నేను బిగించాను" అన్నాను.

జూలై 30, ఆదివారం

బ్యాటరీ పెట్టేశాడు. కొమ్మతో ఇసుక చెరిపాడు. గీతలు ఎడమకు ఒరిగేలా నేను మళ్ళీ ఊడ్చాను.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "శనివారం మామ దగ్గర ఏం చెప్తావు?"

"చూద్దాం" అన్నాను.

ఆ మాట నా నోట వినగానే తల దించుకుని గాడిదను అదిలించాడు. బాగుందనుకున్నాను. కాసేపటికి అంత బాగా అనిపించలేదు.

ఆగస్టు 4

రేపే. చెప్తే అతనికి జరిమానా, బండి నాకు. చెప్పకపోతే మామ ఏమంటాడో తెలియదు. అతను నేర్పకుండా ఉంటే సులువుగా ఉండేది.

ఆగస్టు 5, శనివారం

వెలుతురు రాకముందే ఆడవాళ్ళు నాకు తలంటి నల్ల బట్టలు తీయించారు. నీలం అచ్చు గౌను తొడిగించారు, కొత్తది, గంజి వాసన ఇంకా పోలేదు. పులానె భుజాల దగ్గర సర్ది, "ఇక ఇవాళ పొయ్యి దగ్గరికి రాకు. మరక పడితే చంపుతాను" అంది.

భోజనాల తర్వాత మామ కుర్చీ వాకిట్లో వేయించుకున్నాడు. టోపీ, కోటు కెనోసికి. దుప్పటి మామ తీసుకున్నాడు, అది ఆయన హక్కు. బూట్లు ఎవరికీ పట్టలేదు. తర్వాత చేతిరుమాలు ముడి విప్పాడు. అందరూ బండి వైపు తిరిగారు.

"కెనోసీ, ఇది చచ్చిందన్నావు."

"అన్నాను మామా."

"చూద్దాం" అని ఆయనే ఎక్కి కూర్చుని తాళంచెవి తిప్పాడు.

ఒక్క తిప్పుకే లేచింది.

ఏడాది నిలబడ్డ బండి దగ్గదా, ఎగిరిపడదా, ఏమీ లేదు. కూర్చున్న మేక లేచినట్టు లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముసలాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరూ తాకని బండి ఇలా లేవదని అక్కడ అందరికీ తెలుసు.

అప్పుడు పులానె, "అదేంటే, ఉచ్చ పోస్తోంది!" అని అరిచింది.

బండి కింద నుంచి నూనె ధారగా వస్తోంది. పొద్దున్న ఊడ్చిన ఇసుక మీద పాములా పాకుతోంది.

"ఆపు మామా! ఆపు!" కెనోసి తనకిచ్చిన టోపీ పారేసి పరిగెత్తాడు. నేనూ పరిగెత్తాను. మామ తాళంచెవి తిప్పేశాడు.

"చూశారా, చచ్చిందే" అన్నాడు వెనక ఎవరో ముసలాయన, తృప్తిగా.

కెనోసి, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బోల్టు నేనే బిగించాను, అది కాదు. ధార బోల్టు వైపు నుంచి రావడం లేదు. ఫిల్టర్ వైపు నుంచి. ఆ క్షణంలో పాత ఫిల్టర్ బోసి మూతి కళ్ళ ముందుకొచ్చింది. దాని రింగు ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోలేదు. ఏళ్ళ వేడికి ఇంజనుకు కరుచుకుని అక్కడే ఉండిపోయింది. దాని మీద కొత్త రింగు పెట్టి బిగించాను. తాళంచెవి మా చేతిలో ఉంటే ఆ రోజే తెలిసేది.

"పార" అన్నాను.

"వదినా, గౌను" అన్నాడు కెనోసి.

"పార తే. గిన్నె తే."

అతను ఇసుక తోడాడు. తోడుతున్న తీరు చూస్తే అది మొదటిసారి కాదని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. నేను గోనె పరుచుకుని వెల్లకిలా కిందికి జరిగాను. పైన ఆడవాళ్ళు, "అయ్యో కొత్త గౌను! ఓసి దీని మొహం మండా, కొత్త గౌనే!" అంటున్నారు. ఫిల్టర్ చేత్తోనే వచ్చింది. వెనక వేలు పెట్టి తడిమాను. ఉంది. గట్టిపడి, రాయిలా అంటుకుని ఉంది. కూరగాయల కత్తి అడిగాను. అంచు లేపి లాగితే ముక్కలు కాకుండా ఊడి వచ్చింది.

బయటికి వచ్చి మామ ముందు పట్టుకున్నాను. "ఇది మోతుసి వేసినది. నేను చూడకుండా దీని మీద ఇంకొకటి వేశాను. రెండు రింగులు పడితే కారుతుంది. బండి చావలేదు."

"నువ్వు వేశావా?" అన్నాడు మామ.

"వేశాను."

"ఎప్పుడు?"

కెనోసి ఇసుక వైపు చూస్తున్నాడు. అతని పేరు చెప్పకుండా ఊరుకోవచ్చు. అతని మీదే వేసి నేను తప్పుకోనూ వచ్చు. రెండూ నోటి దాకా వచ్చాయి.

"మైలలో తాకాం మామయ్యా. ఇద్దరం. అతను ఆయిల్ పోశాడు, బ్యాటరీ పెట్టాడు. నేను ఫిల్టర్ వేశాను. అతను నేర్పాడు."

"ఎందుకు నేర్పావురా?"

"బెదిరించింది మామా" అన్నాడు కెనోసి.

నవ్వు ముందు ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది. మామ నవ్వలేదు. కర్రతో నేల మీద గీస్తూ కూర్చున్నాడు. "ఇద్దరికీ చెరొక మేక. ఇవాళే కోస్తాం. ముందు దీన్ని కారకుండా లేపండి."

కొత్త ఫిల్టర్ తుడిచి మళ్ళీ బిగించాను. ఆయిల్ సగం ఇసుక తాగేసింది. పొయ్యడానికి లేదు. కెనోసి గాడిద బండి దగ్గరికి వెళ్ళి గోనెల కింద నుంచి మూత తియ్యని కొత్త డబ్బా తెచ్చాడు.

"ఇదెందుకు తెచ్చావు?" అన్నాను మెల్లగా.

"నాకిచ్చేస్తే పోసుకుందామని" అన్నాడు. గరాటా పట్టుకున్నాడు.

మామ మళ్ళీ తిప్పాడు. ముసలాళ్ళందరూ వంగి చూశారు. కారలేదు.

"నాకు కావాలి మామయ్యా" అన్నాను. చేతులు నూనె, గౌను నూనె. "నీళ్ళకీ, మేకలకీ. ఇంకొకరి గుమ్మం ముందు నిలబడలేను."

మామ తాళంచెవి రుమాలుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "బండి కోడలిది. కాని ఒక్క చేత్తో బతికించింది కాదు. మన ఆవును చుట్టం మందలో పెంచమని ఇస్తాం. ఆవు ఇచ్చినవాళ్ళది, పాలు పెంచినవాడివి. ఇదీ అంతే. కెనోసి దీన్ని నీతో పాటు చూస్తాడు. పాలు వాడివి."

"బండికి పాలేంటి మామా?" అన్నాడు కెనోసి.

మామ గీతలు గీస్తూ ఆలోచించాడు. నాకు అంతకు ముందే తట్టింది. నేనే చెప్పాను.

"పాత ఆయిల్. గుంజలకు."

ఆగస్టు 6, ఆదివారం

గౌను సబ్బు పొడితో రెండుసార్లు ఉతికాను. వీపు మీద మరక పోలేదు. పులానె చూసి, "ఇది నీళ్ళు మోయడానికి వేసుకో" అంది. నీళ్ళు మోయను. తెస్తాను.

ఆగస్టు 19

దాచిన నల్ల ఆయిల్ డబ్బా కెనోసి ఇవాళ పట్టుకెళ్ళాడు. ఇప్పుడు అది అతనిదే.

నవంబరు 18, శనివారం

వానలు మొదలవకముందే ఆయిల్ మార్చాను. ఒక్కదాన్నే. మొదటి పని, పాత ఫిల్టర్ మూతికి రింగు ఉందో లేదో చూశాను. ఉంది.

నూనె దిగేసరికి కెనోసి గాడిద బండి ఆగింది. డబ్బా పట్టుకుని వచ్చాడు. అతని దొడ్డి గుంజలు సగం నల్లగా ఉన్నాయి, సగం తెల్లగా ఉన్నాయి. మిగతా సగం కోసం వచ్చాడు.

గిన్నెలోది డబ్బాలోకి వంచుకున్నాడు. ఎత్తి ఊపి చూశాడు. నిండలేదు. మేము పోసినంత అందులో లేదు.

"పాలు తగ్గాయి వదినా. ఎవరికైనా అమ్మావా?"

"నువ్వు దాన్ని ఎలా పెంచావో! ఆవే తాగేసింది."

"తాగితే పొగ రావాలి. నీలం పొగ. వచ్చిందా?"

నేను వెనక్కి ఎప్పుడూ చూడలేదు. నడిపేటప్పుడు ముందుకే చూస్తాను. బండి వెనక్కి వెళ్ళి వంగి పొగగొట్టంలో వేలు పెట్టాను. మసి తడిగా, జిడ్డుగా వచ్చింది. వేళ్ళ మధ్య రాసి ఎండలో పట్టుకున్నాను.

"ఏముంది?" అన్నాడు కెనోసి, డబ్బా మూత బిగిస్తూ.

"ఉండు, చూడనీ" అన్నాను.